ఒక్క ‘ట’ చాలు

కావలి,
ఆదివారం పొద్దున

ఒరే మామా,

ఉత్తరం లేటయింది, తిట్టుకోబాక. ఇంట్లో అంతా బాగున్నారు. అమ్మ మోకాలు కాస్త నయం, నీ వాటా ఆవకాయ జాడీ అటక మీద ఉంది. మిగతా కబుర్లు తర్వాత. నీ కథ మూడుసార్లు చదివినా, చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నువ్వు కల్పించిన, నీటి శాఖ రాజ్యమేలే ఆ కాలం, రొయ్యల చెరువుల మీద కాపలా, రాత్రిపూట తమ్ముణ్ణి పట్టుకుపోవడం, అన్నీ బాగా కుదిరినాయి. కానీ తొమ్మిదో పేజీలో కథ చెప్పే ఆ పిల్ల చేత ‘ఆ రాత్రి నా మనసు ముక్కలైపోయింది’ అనిపించావు చూడు, కథ అక్కడ పడిపోయింది. మనసు ముక్కలైన మనిషి అంత నున్నటి వాక్యం యాడ చెప్పగలదురా? దెబ్బ ఆ వాక్యానికే తగలాల.

రష్యన్ రచయిత జమ్యాతిన్ నవల, ఇంగ్లీషులో ‘వీ’, ఉంది గదా, 1920-21లో రాసింది, తెలుగులో పేరు ‘మనం’ అనాలో ‘మేము’ అనాలో మనిద్దరికీ ఇంతవరకూ తేలనిది. అందులో డీ-503 లెక్కల మనిషి, రాసేది మొత్తం 40 నమోదులు. మొదట్లో అన్నీ సూత్రాల్లాగా బిగువుగా ఉంటాయి. పోనుపోను వాక్యాలు మధ్యలోనే తెగిపోతాయి. చివరి నమోదులో, ఊహని తీసేసే ఆపరేషన్ అయినాక, మళ్ళీ నున్నగా అయిపోతాయి. తను ప్రేమించిన మనిషిని గాజు గంట కింద పెట్టి గాలి లాగేస్తుంటే చూస్తాడు, అక్షరం వణకదు. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే. పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసుని వదలని జబ్బు, ఆ పేరు అమెరికా మానసిక వైద్యుల పట్టికలోకి ఎక్కింది 1980లో. అరవై ఏళ్ళ ముందే ఈయన దాన్ని వాక్యంలో పెట్టేశాడు!

నువ్వేమో మొదటి పేజీ నుంచే వాక్యం తెగినట్టు చుక్కలు పెట్టుకుంటా పోయావు. లెక్కపెడితే పందొమ్మిది చోట్ల. ముందు సాఫీగా సాగితేనే గదా తర్వాత తెగింది తెలిసేది. అందుకని మొదటి రెండు పేజీలూ చెరువు రికార్డు పుస్తకం లాగా రాయి. పొద్దున పీహెచ్ ఎంత, ఉప్పదనం ఎంత, మేత ఎన్ని కేజీలు, చెక్‌ట్రేలో, అదే రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెంలో, ఎంత మిగిలింది. తమ్ముణ్ణి తీసుకుపోయిన రోజు ఆ వరస ఖాళీగా వదిలెయ్. మర్నాటి నుంచి మేత అంకె ఒకటే, పది రోజులూ ఒకటే. రొయ్య పెరిగేకొద్దీ, చెక్‌ట్రే చూసుకుంటా మేత మార్చాల. మనవైపు చెరువు తెలిసినోడికి ఆ అంకె చూస్తేనే గుండె జారిపోతుంది. ఏడుపు మాటే అక్కర్లా.

ఇంకోటి. ‘ఏరియేటర్ శబ్దానికి ఆ రాత్రి గుర్తొచ్చింది’ అన్నావు, అదే, చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషను శబ్దానికి. ఆ ‘గుర్తొచ్చింది’ కొట్టెయ్. అంత దెబ్బ తిన్నోళ్ళకి అది జ్ఞాపకంలాగా రాదు, కళ్ళముందే మళ్ళీ జరుగుతుంది. ‘ఏరియేటర్ తిరిగింది. గట్టు మీద టార్చిలైట్లు వస్తున్నాయి.’ అంతే. చెప్పకుండా కాలం మార్చెయ్. పైగా తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఏరియేటర్ ఆపితే రొయ్య పైకి తేలుతుంది, చస్తుంది. అంటే ఆ శబ్దం ఆపడం ఆ పిల్ల వల్ల కాదు! నీ చేతిలో ఇంత ఉంచుకుని వాడుకోలేదేందిరా?

సరే, నిద్ర పట్టనీయని సంగతి ఇది. కెనడా రచయిత్రి ఆట్‌వుడ్ 1985లో అచ్చేసిన నవల ‘ద హాండ్‌మెయిడ్స్ టేల్’లో కథ చెప్పే ఆఫ్రెడ్ తన మొగుడి గురించి మూడు నమ్ముతుంది. చచ్చిపోయాడు, జైల్లో ఉన్నాడు, తప్పించుకున్నాడు. ఒకటి నిజమైతే మిగతా రెండూ కావు, అయినా మూడూ ఒకేసారి నమ్ముతుంది. ఇంకో చోట ఒక రాత్రి సంగతి చెప్పి, ఇట్టా జరగలేదని మళ్ళీ చెప్పి, అది కూడా కాదంటుంది. అక్కడ అన్ని పేజీలు పట్టిన పనికి మన భాషలో ఒక్క అక్షరం ఉంది మామా. ‘ట’.

‘తమ్ముణ్ణి తీసుకుపోయారు. నేను గట్టు మీదే ఉన్నాను. అరిచానట.’

చూడబ్బా! తన అరుపు తనకే ఎవరో చెప్పిన కబురు. కానీ కథ మొత్తంలో మూడుకి మించితే రచ్చబండ ముచ్చటైపోతుంది, జాగ్రత్త. పసితనం సంగతులకి వాడబాక, ‘చిన్నప్పుడు తెగ ఏడ్చేదాన్నట’ అని అందరూ అంటారు, అందులో గాయం లేదు. మొదటిది చిన్నదాని మీద పెట్టు, ‘అన్నం తిన్నానట’. చదివేవాడు సందేహపడి దాటిపోవాల. రెండోది అరుపు. మూడోది చివర్లో, ‘నాకో తమ్ముడు ఉండేవాడట’. ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

ఆఖర్లో నువ్వు పెట్టిన శాఖ ఆఫీసరు రిపోర్టు తీసెయ్యబాక. ఆఫ్రెడ్ తన కథ చెప్పి వదిలిన టేపుల మీద కూడా 2195లో ప్రొఫెసర్లు సదస్సు పెట్టి జోకులేసుకుంటారు, ఆమె కంటే ఆమెని ఏలినోడు ఎవరా అని వాళ్ళ ఆరాటం. నీ రిపోర్టు రెండు పేజీలుంది, నాలుగు లైన్లకి కొట్టు. అందులో ‘నిందితురాలు అరిచింది’ అని ఉండాల. ‘ట’ ఎగిరిపోయింది గదా! ఆమె దగ్గర మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా ఆఫీసరు దిద్దేశాడు.

ఆ ‘మనం’, ‘మేము’ తగాదా కూడా తేలిందనుకుంటా. ఆ పిల్ల మొదట్లో శాఖని కలుపుకుని ‘మనం’ అంటుంది. తమ్ముడు పోయినాక ‘మేము’ అననీ. ఇంట్లో ఉండేది తనొక్కతే, ఎవర్ని కలుపుకుని ‘మేము’ అంటుందో చదివేవాడు

ఒంగోలు పోయే మనిషి వచ్చేశాడు, బయట హారన్ కొడతన్నాడు. ఆవకాయ జాడీ కూడా వాడి చేతికే ఇస్తన్నా.

నీ
మామ