సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, పిల్లల తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది డాస్‌వెల్ యాత్ర.

"ఆదివారం సెక్రటేరియట్ చూడటానికి వెళ్తున్నాం" అని వాట్సాప్‌లో పెట్టగానే "ఫైలేమైనా ఆగిందా?" అని ముగ్గురు అడిగారు. ఇది ఆ సెక్రటేరియట్ కాదు. వర్జీనియాలో మన రిచ్‌మండ్‌కు ఉత్తరాన కరోలైన్ కౌంటీలో, డాస్‌వెల్ దగ్గరి మెడో ఫారంలో 1970 మార్చి 30న పుట్టిన పందెపు గుర్రం. ఆ పేరు సూచించింది ఆ ఫారం సెక్రటరీ ఎలిజబెత్ హామ్. సెక్రటరీలు చేసిన పని ఎవరికీ గుర్తుండదు కనుక ప్రత్యేకంగా రాస్తున్నాను.

అది పుట్టిన షెడ్డు ఇప్పటికీ ఉంది. దాని ముందు నిలబెట్టి పిల్లలకు బొమ్మా బొరుసు కథ చెప్పాం. తండ్రి బోల్డ్ రూలర్ ఫిప్స్ కుటుంబానిది. మెడో ఫారం ఆడగుర్రాలను దానితో దాటించినందుకు డబ్బు తీసుకోకుండా పుట్టిన పిల్లల్ని పంచుకోవాలని ఒప్పందం. ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చడానికి 1969లో నాణెం ఎగరేశారు. గెలిచిన ఓగ్డెన్ ఫిప్స్ కళ్లెదుట ఉన్న ఆడపిల్లను తీసుకున్నారు. అది జన్మలో ఒక్క పందెమూ గెలవలేదు. ఓడిన మెడో ఫారం నిర్వాహకురాలు పెన్నీ చెనరీకి సమ్‌థింగ్‌రాయల్ అనే ఆడగుర్రం కడుపులో ఉన్నది దక్కింది. అదే మన సెక్రటేరియట్.

1973లో ఆ గుర్రం ట్రిపుల్ క్రౌన్ అనే మూడు పెద్ద పందేలు, అంటే డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్, మూడూ గెలిచింది. బెల్మాంట్‌లో మైలున్నర దూరం 2 నిమిషాల 24 సెకన్లు, రెండో గుర్రానికీ దానికీ మధ్య 31 గుర్రాల నిడివి. అదెంతో పిల్లలకు తెలియాలని ఒక్కో నిడివికి ఎనిమిదడుగుల చొప్పున తాడు పరిచాం. తాడు తెస్తానన్న వాలంటీరు రాలేదు. షామియానా తాళ్లు ముడివేసుకున్నాం. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది ఆ రోజు ఫోనే ఎత్తలేదు, ఎవరో వారికి తెలుసు.

ప్రీక్‌నెస్‌లో గడియారం తప్పు చూపితే దాన్ని 1 నిమిషం 53 సెకన్లుగా సరిదిద్దింది 2012లో! హాలు అనుమతి కోసం మనం ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది నాలుగు నెలలే, సంతోషించాలి.

అది ఓడిన పందేలూ ఉన్నాయి. ఆ వేసవిలోనే సారటోగాలో ఆనియన్ అనే గుర్రం ఓడించింది. ఉల్లిపాయ చేతిలో ఓడిందని పిల్లలు నవ్వి నవ్వి చచ్చారు. మొత్తం 21 పందేల్లో 16 గెలుపులు.

ట్రిపుల్ క్రౌన్‌కు ముందే దాని సంతానపు హక్కును 32 వాటాలుగా, ఒక్కోటి 1,90,000 డాలర్లకు అమ్మేశారు. పందేలు మానాక బతుకంతా కెంటకీలోని క్లెయిబోర్న్ ఫారంలోనే. తనంతటి కొడుకును కనలేదని పెదవి విరిచినవాళ్లున్నారు. 1988లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ గెలిచిన రిజెన్ స్టార్ దాని కొడుకే మరి! అసలు వంశం నిలబెట్టింది కూతుళ్లు. పేరున్న గుర్రాలు ఏపీ ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్ మూడూ దాని దౌహిత్రులే. ఈ మాట చెప్పినప్పుడు ఇద్దరేసి ఆడపిల్లల తండ్రులు చప్పట్లు కొట్టారు. 1989 అక్టోబరు 4న డెక్కల జబ్బుతో దానికి బాధ లేని చావునిచ్చారు. ఇది చిన్నపిల్లలకు చెప్పలేదు.

పులిహోర పొట్లాలు కట్టిన అక్కయ్యలకు, బస్సు మాట్లాడిపెట్టిన అన్నయ్యకు, మలక్‌పేట పందేల ముచ్చట్లతో దారంతా నవ్వించిన బాబాయిగారికి, ఎండలో గొడుగు పట్టిన కుర్రాళ్లకు, మైకు అరువిచ్చిన గుడివారికి కృతజ్ఞతలు.

లెక్కలు కోశాధికారిగారి పట్టికలో ఉన్నాయి, ఆమోదించగలరు. ఆనాటి బెల్మాంట్‌లో గెలిచిన పందెం టికెట్లలో 5,617 టికెట్లను డబ్బు తీసుకోకుండా జ్ఞాపకంగా దాచుకున్నారట. మన సభ్యులు కొందరు చందా చెక్కులను అలాగే దాచుకుంటున్నారు.

వచ్చే ఏడాది ఈ పదవికి ఇంకొకరు ముందుకు రావాలి, నేను మూడోసారి అడుగుతున్నాను. పెద్ద కాఫీ ఫ్లాస్కు యాత్ర నుంచి ఎవరింటికో వెళ్లింది, దయచేసి సమావేశానికి తీసుకురండి.

మీ కార్యదర్శి