నంబరు గోడ మీద ఉంటే చాలదు

సంపాదకుడు గారికి నమస్కారం.

రోడ్డు ప్రమాదంలోనో, గుండెపోటుతోనో, కర్మాగారంలో జరిగిన పేలుడు వల్లనో తల్లినో తండ్రినో ఒక్క పూటలో పోగొట్టుకున్న పిల్లలకు ఆన్‌లైన్‌లో మానసిక చికిత్స అందించాలన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిగా ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా కోరుకునేదాన్నే. అయితే దుఃఖంలో ఉన్న పిల్లలు ఆ సేవను వెతుక్కుంటూ రారు కనుక, దానినే వారి దగ్గరకు, అంటే వారు రోజూ వచ్చే బడికి, తీసుకురావాలన్నది నా విన్నపం.

నేను విరమణ చేయడానికి కొంతకాలం ముందు మా ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడి తండ్రి లారీ ఢీకొని మరణించాడు. తలకొరివి పెట్టింది ఆ పిల్లవాడే. పెద్దకర్మ అయిన మర్నాడే గుండుతో బడికి వచ్చాడు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ‘ఇక ఇంటికి పెద్దదిక్కువి నువ్వేరా, నువ్వే ఏడిస్తే అమ్మకు ధైర్యం ఎవరు చెబుతారు’ అని వెళ్లినందువల్ల కాబోలు, వాడు ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, గట్టి పిల్లవాడని మేము కూడా మెచ్చుకున్నాం. రెండు నెలల తర్వాత లెక్కల పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వెళ్లిపోయాక గాని మాకు కళ్లు తెరుచుకోలేదు.

తల్లిని ఒప్పించి, వారానికొకసారి వీడియోలో మాట్లాడే ఒక కౌన్సెలర్‌ను కుదిర్చాం. తీరా చూస్తే ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ పోయిన తండ్రిదే. తెర వెలిగితే ఆయన ఫొటో, మాట్లాడుతుండగానే ఆయన అప్పులవాళ్ల ఫోన్లు, ఉన్న ఒక్క గదిలో మంచం మీద నాయనమ్మ. అలాంటి చోట ‘బాగున్నాను మేడమ్’ అనడం తప్ప ఆ పిల్లవాడు మరేం చెప్పగలడు? మూడు వారాలు అదే సమాధానం. నాలుగో వారం బడి విడిచాక సైన్సు ల్యాబ్‌లో లాప్‌టాప్ పెట్టి, తలుపు వేసి, మా సైన్సు టీచర్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు వాడు గంటసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో కౌన్సెలర్ మాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చాలాకాలం తర్వాత వాడే నాతో అన్నాడు: ‘నేను జామెట్రీ బాక్సు తెమ్మని అడగకపోతే నాన్న ఆ సాయంత్రం బజారుకు వెళ్లేవాడు కాదు టీచర్.’

హఠాత్తుగా అయినవారిని కోల్పోయిన పిల్లలు ఇలా తప్పును తమ మీద వేసుకోవడం ఈ రంగంలో పనిచేసేవారికి కొత్త సంగతి కాదు. ఐదేళ్లలోపు పిల్లలకు చనిపోవడమంటే ఇక తిరిగి రాకపోవడమని పూర్తిగా అర్థం కాదు కనుక, ‘నాన్న ఊరెళ్లాడు’ అని మనం చెప్పే అబద్ధాన్ని నమ్మి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. కాస్త పెద్దవారు కాసేపు ఏడ్చి అంతలోనే ఆటకు పోతారు, దాన్ని చూసి వీడికి బాధే లేదని మనం తీర్మానిస్తాం. అలాగని దుఃఖించే ప్రతి బిడ్డకూ చికిత్స అవసరమని నేను అనడం లేదు. నిజం చెప్పే పెద్దవారు ఒకరు తోడుండి, తిండీ నిద్రా బడీ వేళకు సాగితే చాలామంది మెల్లగా తేరుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో, ఆరు నెలలు దాటినా తగ్గకుండా రోజువారీ జీవితాన్ని కుంగదీసే దుఃఖాన్ని ప్రత్యేక సమస్యగా గుర్తించారు. ఆ ఆరు నెలలూ పిల్లలను రోజూ చూస్తూ ఉండే అవకాశం ఇంటివారి తర్వాత ఉపాధ్యాయులకే ఉంటుంది.

మన దగ్గర సాధనాలు లేవని కాదు. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌తో 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి, అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి, టెలి మానస్ వంటి నంబర్లను అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. ఈ చివరిది అన్నిటికన్నా సులువు కనుక ముందుగా జరిగేది అదేనని నా అనుమానం. తన వల్లే తండ్రి పోయాడనుకునే పిల్లవాడు గోడ మీది నంబరు చూసి ఎవరికి ఫోన్ చేస్తాడు, ఎవరి ఫోన్ నుంచి చేస్తాడు? పైగా హెల్ప్‌లైన్‌కు రెండోసారి ఫోన్ చేస్తే మొదట మాట్లాడినవారే పలుకుతారన్న హామీ ఉండదు. పిల్లలకు అలవాటైన గొంతు కావాలి.

చుట్టుపక్కల పిల్లల మానసిక నిపుణులు లేని మండలాల నుంచి ఎర్రగడ్డకో, విశాఖకో వారం వారం వెళ్లాలంటే తల్లి కూలి పోతుంది, బిడ్డ బడి పోతుంది. అందుకే వీడియో ద్వారా చికిత్సను నేను సమర్థిస్తున్నాను. బొమ్మలతో, ఆటతో తప్ప మాటతో బయటపడని చిన్నపిల్లలకు మాత్రం అది సరిపోదు. చనిపోవాలనిపిస్తోందని చెప్పే బాలికకు తెర అవతలి మనిషి ఒక్కరే ఆసరా కాకూడదు, అటువంటప్పుడు వెంటనే లేచి వెళ్లగల పెద్దవారు ఇవతల ఉండి తీరాలి. డబ్బు తీసుకుని సలహాలిచ్చే యాప్‌లలో ఎదుట ఉన్నవారి అర్హత ఏమిటో, సంభాషణ ఎక్కడ నిల్వ ఉంటుందో అడిగి తెలుసుకునే ఓపిక కొత్తగా భర్తను పోగొట్టుకున్న తల్లికి ఎక్కడిది?

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలనూ నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. విద్యార్థి ఇంట్లో మరణం సంభవించిందని తెలిసిన వారంలోగా ఆ ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లి రావాలి, అవసరమనిపిస్తే తల్లి లేదా సంరక్షకుల అనుమతితో టెలి మానస్‌కు వారే ఫోన్ చేయాలి, కనీసం రెండు మూడు నెలల పాటు ఒకే కౌన్సెలర్ ఆ బిడ్డతో మాట్లాడేలా చూడాలి. మాట్లాడే వేళ బడి విడిచిన తర్వాత, తలుపు ఉన్న ఒక గదిలో, బడి లాప్‌టాప్‌లో ఉండాలి. తోటి పిల్లలు ఎందుకని అడిగితే లెక్కల క్లాసని చెప్పుకునే వెసులుబాటు కూడా ఆ పిల్లవాడికి ఉండాలి.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా