కంప కొట్టడం కాదు, మొదలు గడ్డ తీయాలి

సంపాదకులకు,

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు కుంటల్లో, చెరువు శిఖాల్లో (నీళ్లు నిలిచే భూముల్లో) సర్కారు తుమ్మ తొలగిస్తూనే ఉన్నారు. అదే చోట, అదే కంపను మళ్లీ మళ్లీ కొడుతున్నారంటే తప్పు చెట్టుది కాదు, మనం చేసే పనిది.

పేరులోనే సర్కారు ఉంది. వంటచెరకుకు పనికొస్తుందని జమైకా నుంచి విత్తనం తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో వేశారు. బయటి చెట్టును తెచ్చుకొని తిప్పలు పడేది మనమే కాదు. న్యూజిలాండ్‌లో కొండ మట్టి కొట్టుకుపోకుండా కాంటోర్టా పైన్ అనే సూదాకుల చెట్టు నాటితే, దాని విత్తనం గాలికి లేచి పచ్చిక మైదానాలను కమ్మేసింది. కాకపోతే వాళ్లకో వెసులుబాటుంది. పైన్‌ను కింది కొమ్మకన్నా దిగువకు కోసి, మోడు మీద ఒక్క పచ్చని ఆకు కూడా మిగల్చకపోతే అది చచ్చిపోతుంది. సర్కారు తుమ్మ చావదు.

దీని చిగురు మొగ్గలు నేల కింద, కాండం వేరుగా మారే చోట దాగి ఉంటాయి. నేలమట్టానికి నరికితే అవన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒక్క మాను పోయి, చుట్టూ పిలకలతో పొద వస్తుంది. మరుసటేడు అందులోకి గొడ్డలి దూరదు. కాబట్టి చుట్టూ అడుగు లోతు తవ్వి, పైవరుస పక్కవేళ్ల కిందికి నరికి, ఆ మొగ్గలుండే మొదలు గడ్డను బయటికి తీయాలి. ఆ కింద మిగిలిన వేరు సాధారణంగా చిగురించదు. తల్లివేరు కోసం నిలువెత్తు గుంత తీయాల్సిన పని లేదు.

జేసీబీ పెట్టినా జరిగేది చూస్తున్నాం. ముందే కట్టెల వాళ్లు మానును అడ్డంగా కోసుకుపోతారు, బకెట్‌కు పట్టు దొరకదు, పైపైన గీకి వదిలేస్తారు. నేల నున్నగా కనిపిస్తుంది, బిల్లు పాసవుతుంది, వానలు పడగానే పిలకలు వస్తాయి. పైగా మంచి మట్టి పోతుంది. కొమ్మలు మాత్రం నరికి, మానును నడుమెత్తు ఉంచాలి. దాన్ని ఒకవైపుకు నెట్టి, బకెట్ పళ్లను గడ్డ కింద దూర్చి లేపాలి. మణికట్టు లావుకన్నా సన్నటి మొక్కలకు జేసీబీ దండగ, వానాకాలంలో గడ్డపార చాలు. పెద్ద చెట్లకు వానలు తగ్గాక, నేలలో తడి ఆరకముందు, ఎండాకాలపు కాయలు పండకముందు పని ముగించాలి.

చెరువు కట్ట సంగతి వేరు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కట్ట మీద లావు వేరు పెకిలించొద్దు. నీళ్లు తగ్గాక తీసి, గుంతను ఆరంగుళాల పొరలుగా తడిమట్టితో నింపి, ప్రతి పొరకూ దిమ్మిస కొట్టాలి. వదులు మట్టి తోసి వదిలేస్తే నీరు అక్కడే దారి వెతుక్కుంటుంది.

కాయలను మరిచిపోవద్దు. తియ్యగా ఉంటాయని పశువులు, మేకలు తింటాయి, గట్టి పెంకు గింజ పేడతో చెక్కుచెదరకుండా బయటపడి కొత్త చోట మొలుస్తుంది. దాణాకు వాడాలంటే గింజ పగిలేలా పిండి పట్టించాలి. కాయలున్న కొమ్మలను ట్రాక్టర్ మీద తరలిస్తే దారంతా విత్తనం చల్లినట్టే.

తీసేవాళ్లకు ఒక గుర్తు కూడా చెప్పాలి. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి దీనికి చుట్టమే, లేతగా ఉన్నప్పుడు రెంటినీ పోల్చుకోలేక జమ్మినీ పీకేస్తారు. సర్కారు తుమ్మ ముళ్లు కణుపుల దగ్గర జంటగా, పొడుగ్గా ఉంటాయి. జమ్మి ముళ్లు చిన్నవి, కణుపుల మధ్య అక్కడక్కడా ఉంటాయి.

అధికారులను కోరేది ఇదే. పనిని ఎకరాల్లో కాకుండా తీసిన గడ్డల లెక్కన కొలవాలి. ఆ గడ్డలను గట్టు మీద కుప్ప పోయించి, లెక్కపెట్టాకే ఎంబీలో (పని కొలతల పుస్తకంలో) రాయాలి. మట్టిలోని గింజలు తర్వాత కూడా మొలుస్తాయి కనుక మరుసటి రెండు వానాకాలాల్లో మొలకలు పీకే పనిని అదే ఎస్టిమేట్‌లో చేర్చాలి. కూలీల డబ్బు ఆపొద్దు, కాంట్రాక్టర్ బిల్లులో కొంత మాత్రం ఆ రెండో వాన దాకా పట్టి ఉంచాలి.

— ఒక పాఠకుడు, దేవరకొండ