నెగెటివ్ వచ్చిందంటే రక్షణ ఉన్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

"మొగుడికి హెచ్ఐవీ ఉన్నా పెళ్లానికి రాలేదు, ఆమె రక్తమే గట్టిది" అనే మాట మన శ్రీకాకుళం పల్లెల్లో కొందరు నమ్ముతున్నారు. ఇందులో కొంత నిజముంది, పెద్ద ప్రమాదమూ ఉంది.

నైరోబీలోని పుమ్వానిలో 1985 నుంచి సెక్స్ వర్కర్లను పరిశీలించగా, పదేపదే వైరస్ తగిలినా సోకనివారు కొందరు కనిపించారు. వారిలో కొందరి రక్తంలో, హెచ్ఐవీ చేరిన కణాలను గుర్తుపట్టి చంపే సీడీ8 టి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఉన్నాయి. అయినా ఆ రక్షణ శాశ్వతం కాదు. కొంతకాలం వృత్తి మానిన తర్వాత కొందరికి వైరస్ సోకింది. వైరస్ తగలడం తగ్గితే ఆ కణాల స్పందనా తగ్గుతుందని పరిశోధకుల వివరణ. ఇక వైరస్ కణంలోకి దూరే సీసీఆర్5 ద్వారం పుట్టుకతోనే లేనివారు ఉత్తర యూరప్‌లో నూటికి ఒకరు, మన దేశంలో అత్యంత అరుదు.

ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో) చేసే పరీక్ష వైరస్ సోకిందా లేదా అనే చెబుతుంది, ఈ బలాన్ని కొలవదు. భార్యకు సోకకపోవడానికి భర్త రోజూ హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకోవడమే కారణం కావచ్చు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా సోకదు. మాత్రలు మానితే మళ్లీ పెరుగుతుంది.

కండోమ్ చిరిగినా, సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు, వీలైతే 2 గంటల్లోనే ఆసుపత్రికి వెళ్లాలి. గాయాన్ని పిండకుండా సబ్బునీటితో కడగాలి. వైరస్ సోకకుండా అక్కడ ఇచ్చే మందులు 28 రోజులూ వాడాలి. మధ్యలో మానేయడం పొరపాటు. తొలి నెగెటివ్‌తో ఆగక 6 వారాలకు, 3 నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. సందేహాలకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు.

– ఆరోగ్య కార్యకర్తలు, శ్రీకాకుళం