బిడ్డ ఫొటో పెడితేనే సాయం వస్తుందా? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నా దోస్తు దేవరకద్ర దగ్గరి పల్లెలో సెంట్రింగ్ పని చేస్తాడు, ఆయన భార్య పత్తి ఏరడానికి కూలికి పోతుంది. వాళ్ల ఆరేళ్ల బిడ్డకు ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. మధ్యలో ఆపకుండా వైద్యం చేయిస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారని డాక్టర్లు ధైర్యం చెప్పారు. ఆ మాట పట్టుకునే మా టెన్త్ బ్యాచ్ వాళ్లం చందాలు పోగు చేస్తున్నాం.

ఆరోగ్యశ్రీ ఉండగా చందాలెందుకని మీరు అడగొచ్చు. 2007లో ఆ పథకం మొదట అమలైన మూడు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. బిడ్డ కీమోకు మా దోస్తును ఎవరూ పైసా అడగలేదు. అందుకు చేతులెత్తి మొక్కుతున్నాం. ఇల్లు గుల్లవుతున్నదంతా ఆస్పత్రి గేటు బయటే.

తల్లికీ బిడ్డకూ ఆర్టీసీ బస్సు ఉచితమే. కానీ కీమో వల్ల రక్తంలో తెల్లకణాల కౌంట్లు పడిపోయినప్పుడు బిడ్డను రద్దీలో తిప్పొద్దంటారు, ఇన్‌ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికే వస్తుంది. అప్పుడు కారు కిరాయి తప్పదు. హైదరాబాద్‌లో గది అద్దె, బయట రాసే టెస్టులు, అన్నిటికీ మించి ఇద్దరి కూలీ బందు. ఒక రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది. 100.4 డిగ్రీలు దాటితే క్షణం ఆగొద్దని తల్లికి ముందే చెప్పి ఉన్నారు. దగ్గర్లోని ఆస్పత్రికి పోతే ‘ఇది మా వల్ల కాదు, హైదరాబాద్ తీస్కపోండి’ అన్నారు. కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్లు పోయేదాకా బిడ్డకు ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడలేదు. ఇలాంటి జ్వరానికి మొదటి గంటలోనే ఆ మందు పడాలి సార్.

ఇక చందాల సంగతి. గుండైన బిడ్డ ఫొటో స్టేటస్‌లో పెడితే ఫోన్‌పేలో డబ్బులు వచ్చాయి. ఫొటో లేకుండా అడిగితే రాలేదు. ‘పెద్దయ్యాక బడిలో దాన్ని అందరూ ఆ ఫొటోతోనే గుర్తుపడతారు, తీసేయండన్నా’ అని ఆ తల్లి మమ్మల్ని బతిమాలింది. తీసేశాం. ఇంకో మాట కూడా చెప్పాలి. చందాలు వచ్చేది మొదటి నెల, మహా అయితే రెండో నెల. వైద్యం రెండేళ్లకు పైగా నడుస్తుంది. గట్టి కీమో అయ్యాక మెయింటెనెన్స్ అని రోజూ మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు ఉంటాయి. బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, చేతిలో పైసలుండవు. చాలా కుటుంబాలు వైద్యం మానేసే ప్రమాదం అక్కడే ఉంది. మాకు టెన్షన్ కూడా ఆ రోజుల గురించే.

డయాలసిస్ రోగులకు మన రాష్ట్రంలో ఆసరా పింఛను ఉంది. టీబీ రోగులకు కేంద్రం నెలకు 1000 రూపాయలు పోషకాహారానికి ఇస్తోంది. క్యాన్సర్ వైద్యం సాగుతున్న పిల్లల కుటుంబాలకూ, వైద్యం ముగిసేదాకా, నెలనెలా అలాంటి భృతి ఇప్పించండి. సీఎం సహాయ నిధి మంచిదే గానీ, అది ఎక్కువగా ముందు సొంతంగా ఖర్చు పెట్టి, బిల్లులు పట్టుకుని తిరగగలిగినవాళ్లకే అందుతుంది. అప్పు పుట్టనివాళ్ల గతేమిటి?

జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు, అంటే పొద్దున పోయి వైద్యం చేయించుకుని అదే రోజు ఇంటికి వచ్చే కేంద్రాలు, పెడతామని కేంద్రం 2025-26 బడ్జెట్‌లో చెప్పింది. మహబూబ్‌నగర్, నల్లగొండ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో వాటిని పిల్లలకు కూడా వర్తింపజేయండి. కౌంట్లు చూసే పని, మాత్రలు ఇచ్చే పని అక్కడే జరగాలి. జ్వరంతో వచ్చిన బిడ్డకు అక్కడే మొదటి ఇంజెక్షన్ వేసి, ఆ తర్వాతే అంబులెన్సులో హైదరాబాద్ పంపేలా రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. ఈ ఆదేశానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, బడ్జెట్ దాకా ఆగనూ అక్కర్లేదు. ముందు దీన్ని ఈ నెలలోనే ఇవ్వాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
టెన్త్ బ్యాచ్ దోస్తుల తరఫున,
దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా