తాతయ్య బైబిలు గురించి కాదు

నాన్నా చిన్నీ,

ఫోన్లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. ఆ ఫోనూ ఈ మధ్య లేదు. అందుకే రాస్తున్నా. ఇక్కడ అంతా క్షేమం. నాన్నకి షుగరు అదుపులోనే ఉంది, దొంగచాటుగా జీడిపాకం తిననంత వరకూ. బోరు మోటారు మళ్ళీ కాలిపోయింది. బుజ్జి వీడియో కాల్లో నీ గది చూసిందట, శుభ్రంగా ఉందంది. ల్యాప్‌టాప్ కింద ఎత్తుకి తాతయ్య బైబిలు పెట్టుకున్నావని కూడా అంది. నేనేం పట్టించుకోలేదు. మందంగా ఉంటుంది కదా, ఎత్తు సరిపోతుందిలే.

మొన్న నాన్నా నేనూ 'సైలెన్స్' సినిమా చూశాం. 2016లో స్కోర్సేసి తీసింది. పదిహేడో శతాబ్దంలో జపాను కథ. ఎవరి మీదన్నా క్రైస్తవులని అనుమానం వస్తే, క్రీస్తు బొమ్మ ఉన్న పలక నేల మీద పెట్టి తొక్కమంటారు. 'ఫుమీ-ఎ' అంటారట దాన్ని. ఊరికే పైపైన కాలు ఆనించినా చాలని నచ్చజెబుతారు కూడా. తొక్కినా, శిలువ మీద ఉమ్మమంటే కాదన్నవాళ్ళని సముద్రంలో శిలువలకి కట్టి పోటు అలలకి వదిలేశారు. అక్కడ నాన్న కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నిద్రపోయారు. రెండున్నర గంటలు దాటిన సినిమా మరి.

అందులో కిచిజిరో అని ఒకడు. ఇంట్లోవాళ్ళంతా తొక్కనని చచ్చిపోతే, వాడు తొక్కి బతికాడు. పాద్రీని పట్టిస్తాడు, మళ్ళీ ఏడుస్తూ ఆ పాద్రీ దగ్గరికే వచ్చి పాపం ఒప్పుకుంటానంటాడు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో! నాన్న నిద్రలోకి జారకముందు "వీడొక యూదా, యేసుని పట్టించినవాడిలాగే" అన్నారు. నాకు మాత్రం వాడే నచ్చాడు. ఆఖరికి ఆ పాద్రీ కూడా తొక్కుతాడు, గోతిలో తలకిందులుగా వేలాడుతున్న మనుషుల్ని విడిపించడానికి.

నీకెప్పుడూ చెప్పలేదు. నీకు ముందు పుట్టిన పాప పోయాక పదకొండు నెలలు నేను ఆరాధనకి వెళ్ళలేదు. ఆదివారం తెల్లారేసరికి తలనొప్పి. నుదుటికి అమృతాంజనం పట్టించి దుప్పటి ముసుగెట్టేదాన్ని. తాతయ్యేమో సంఘ పెద్ద. కోడలేదని జనం అడుగుతారు కదా. "తలనొప్పి" అని తనే చెప్పేవారు. వచ్చేటప్పుడు నాకోసం మైసూరు బోండాల పొట్లం తెచ్చేవారు, పెద్దమ్మకి కనపడకుండా. ఒకరోజు ఉండబట్టలేక "మామయ్యా, చర్చిలో అబద్ధం ఆడొచ్చా మీరు?" అన్నాను. "నొప్పి నిజమే కదమ్మా. తలలోనా ఇంకోచోటా అని వాళ్ళెవరూ అడగలేదు" అన్నారు. బోండా చల్లారిపోతోంది తినమన్నారు. ఆ తర్వాత ఒక వానరోజు నేనే చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఏమీ అనలేదు, గొడుగు నావైపు జరిపారు.

ఆయనే చెప్పేవారు, మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర కథ. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి కూలి ఇప్పించి, కరువున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఇంత చేసినా కూటి కోసం కలిశారన్న మాట పడక తప్పలేదు మనవాళ్ళకి. జపానులో మాత్రం, తరతరాలుగా ఆ పలక తొక్కుతూ వచ్చినవాళ్ళ మనవలు 1865లో నాగసాకిలో కొత్తగా కట్టిన చర్చికి వచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని చెప్పారట. రెండొందల ఏళ్ళకు పైగా పాద్రీ లేడు, గుడి లేదు.

సరే, ఆ బైబిలు. అందులో 23వ కీర్తన పేజీ ఊడి ఉంటుంది, ల్యాప్‌టాప్ లాగేటప్పుడు చిరుగుతుంది. జర్మన్ డిక్షనరీ కొనిపెట్టాం కదా, అది పెట్టుకో. చదవమని అనట్లేదు. చదివితే మంచిదే, రాత్రి పడుకునేముందు ఒక్క కీర్తన, ఎంతసేపు పడుతుంది? ఫోను చూసే టైములో... చూశావా, మొదలెట్టాను.

గోంగూర పచ్చడి, కందిపొడి పంపిస్తున్నా. పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టాను, మెల్లగా విప్పు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యి. చర్చికి వెళ్ళావా అని నాన్న అడిగితే తలనొప్పి అని చెప్పు, నేను చూసుకుంటా. స్వెటర్ ఇంకా పాత సైజేనా, చిక్కిపోయావా?

అమ్మ