పద్నాలుగు రోజుల్లో తీర్చే అప్పుతో కుట్టుమిషన్ కొంటారా?

సంపాదకులకు,

ఆఫ్రికా నగరాల్లో యువత ఉపాధి గురించి రాసేటప్పుడు ఎంతమందికి ఎంత రుణం ఇచ్చారన్న లెక్కే కనిపిస్తుంది. ఎన్నాళ్లలో తీర్చాలన్నది ఎవరూ పట్టించుకోరు. చిక్కంతా అక్కడే.

కెన్యా ప్రభుత్వం 2022 నవంబరు 30న ప్రారంభించిన హస్లర్ ఫండ్ అనే చిన్న రుణాల పథకం సంగతే చూడండి. ఫోన్‌లోనే 500 నుంచి 50,000 షిల్లింగుల (కెన్యా కరెన్సీ) దాకా వ్యక్తిగత రుణం ఇస్తారు. ఏడాదికి 8 శాతం వడ్డీ, గడువు 14 రోజులు. 10,000 తీసుకుంటే 5 శాతం పొదుపు ఖాతాకు పోగా చేతికొచ్చేది 9,500. గడువుకు వడ్డీ 31 షిల్లింగులే. మన గిరిగిరి అప్పుల ముందు ఇదసలు వడ్డీయే కాదు. కానీ రోజుకు 717 షిల్లింగులు పక్కన పెడితేనే బాకీ తీరుతుంది. నైరోబీ వకులిమా మార్కెట్లో తెల్లారగట్ల సుకుమా ఆకుకూర కట్టలు కొని, చీకటిపడేలోగా అమ్మేసేవారికి ఇది చక్కగా సరిపోతుంది. అదే పెట్టుబడి రోజూ తిరిగొస్తుంది. కుట్టుమిషనో, వెల్డింగ్ సెట్టో కొన్నవారికి మొదటి బేరం తగలడానికే రెండు వారాలు పట్టొచ్చు. అందుకే వాళ్లు మిషన్ జోలికి పోరు, ఉన్న బండిలోనే ఇంకో నాలుగు కట్టలు పెంచుకుంటారు.

ఉగాండా ఉత్తర ప్రాంతంలో 2008లో మరో దారి పట్టారు. యువ బృందాలకు తలకు సగటున 382 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేకుండా, ఒకేసారి ఇచ్చారు. ఏ పని, ఎవరి దగ్గర నేర్చుకుంటారు, ఏ పనిముట్లు కొంటారన్నది ముందే బృందమే రాసివ్వాలి. డబ్బిచ్చాక తనిఖీల్లేవు. అయినా దాదాపు సగం సొమ్ము పనిముట్లకే పోయింది. నాలుగేళ్లకు, సాయం అందని బృందాలకన్నా వీళ్ల సంపాదన 38 శాతం ఎక్కువ. తొమ్మిదేళ్లకు ఆ తేడా చెరిగిపోయింది, సాయం అందనివాళ్లూ సంపాదనలో వీళ్లతో సమానమయ్యారు. వృత్తి, పనిముట్లు మాత్రం సాయం అందినవాళ్ల దగ్గరే ఎక్కువ నిలిచాయి.

నగరంలో ఇంకో గండం ఉంది. అందరూ కుట్టుపని, సెలూన్ అంటే ఆరో కొట్టు తెరిచిన రోజున ఉన్న ఐదింటి గిరాకీయే ఆరు వాటాలవుతుంది. బోడాబోడా బైక్ ట్యాక్సీలదీ అదే వరస. అక్కడ ఎటు చూసినా మన బజాజ్ బాక్సర్ బైకులే, పుణెలోని ఆ కంపెనీకైతే నష్టం లేదు!

రుణమే ఇవ్వదలిస్తే, పనిముట్ల అప్పుకు మొదటి మూడు నెలలు వాయిదాలు కట్టమనకూడదు. ఆ పేటలో అదే పని చేసే కొట్లెన్నో దరఖాస్తులోనే రాయించాలి. బడికో, హోటల్‌కో, కాంట్రాక్టరుకో సరుకు అమ్ముతామనేవారు ఆ ఆర్డరు కాగితం జతచేస్తే వారికే ముందు మంజూరు చేయాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ